తోడుకు ఎంగిలి లేదు

పోయిన శ్రావణంలో మా వినుకొండలోనే ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. మా వారి వైపు చుట్టాలు, మూడో అంతస్తులో ఫ్లాటు కొనుక్కున్నారు. ఆవును అంత పైకి ఎక్కించడం కుదరదని కింద కార్లు పెట్టుకునే చోటే దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, దండ వేసి ప్రవేశం అయిందనిపించారు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఆడవాళ్ళంతా పళ్ళేలతో దిగారు. ఒకరి పళ్ళెంలో పరమాన్నం, ఒకరి దాంట్లో పులిహోర, ఇంకొకరి చేతిలో అరటిపళ్ళు. ఆవు తలెత్తకుండా తింటోంది. పిల్లలేమో ఫోన్లు పట్టుకుని "ఇంకో ముద్ద పెట్టు పిన్నీ, ఫొటోలో నీ మొహం పడలా" అంటున్నారు. ఇంటావిడ పైనుంచి రెండో గిన్నె తెప్పించేసరికి నా చెయ్యి నాకు తెలియకుండానే వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"చాలమ్మా, ఇంక పెట్టకండి. దానికి పడదు."

"ఏందక్కా, శుభమా అని గోమాతకి పెడుతుంటే వద్దంటారేంది?"

"గడ్డి పెట్టండి తల్లీ. గడ్డి ఎంత పెట్టినా మంచిదే."

నలుగురూ నా వంక అదోలా చూశారు. దీపం పెట్టందే కాఫీ ముట్టని మనిషిని, ఏకాదశి తప్పని మనిషిని, నేనే ఆవుకి ప్రసాదం వద్దంటే వాళ్ళకి వింతగా ఉండదూ మరి! ఆ సందులో ఆవును తోలుకొచ్చినతను తాడు లాక్కుని బయటపడ్డాడు. ఇంటికొచ్చి చీర మార్చుకున్నా చేతికంటిన బెల్లం, నెయ్యి వాసన వదల్లేదు. ఆ వాసన వెంట మా నాయనమ్మ వచ్చి పక్కన కూర్చున్నట్టయింది. ఆమె పోయి చానా ఏళ్ళయింది. ఆవుకి పొంగలి పెట్టి నాకు జీవితంలో పెద్ద పాఠం నేర్పిన మనిషి ఆమే. కాబట్టి ఆ సంగతి ఎప్పటికైనా రాయాలి, రాసేది ఇప్పుడే అనిపించింది.

మా పుట్టింటివాళ్ళది నరసరావుపేటలో పశువుల దాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక చెక్క తలుపు. ఆ తలుపు తెరిస్తే తవుడు, పత్తి చెక్క, వేరుశనగ చెక్క వాసన వంటింట్లోకి వచ్చేది, మా అమ్మ వేసిన తిరగమోత వాసన కొట్లోకి వెళ్ళేది. బస్తాలు ఎత్తించుకుంటూ రైతులు "ఏంది శెట్టిగారూ, ఇయ్యాల చారు ఘుమఘుమలాడతంది" అని నవ్వేవాళ్ళు. చిన్నప్పుడు నాకు కీళ్ళ జ్వరం వచ్చి గుండెకి తగిలింది. నెలనెలా సూది వేయించాలి, పరుగులు వద్దు, బస్సుల్లో తొక్కిసలాట వద్దు, బడి సంగతి తర్వాత చూద్దాం అన్నారు గుంటూరు డాక్టర్లు. ఆ తర్వాత అన్నది రానే లేదు. నా బడి ఆ చెక్క తలుపుకి రెండు వైపులా నడిచింది. కొట్టు వైపు నాన్న తూకం రాళ్ళతో లెక్కలు నేర్పాడు. ఇంటి వైపు నాయనమ్మ స్తోత్రాల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒత్తులు, దీర్ఘాలు నేర్పింది. తప్పు చదివితే కొట్టేది కాదు, తిట్టేది కాదు. దేవుడి పటం వైపు తిరిగి, "స్వామీ, పిల్ల తప్పు చదివింది, నువ్వు సరిగ్గా విను" అనేది. ఈ రోజుకీ ఏదన్నా రాయడానికి కూర్చుంటే, నేను తప్పు రాసినా సరిగ్గా వినేవాడొకడు ఉన్నాడన్న ధైర్యం ఉంటుంది. ఆ ధైర్యం ఆమె పెట్టిన భిక్షే.

నాయనమ్మకి ప్రాణం కన్నా ఎక్కువ పట్టింపు ఎంగిలి. నీళ్ళు పైనుంచి ఎత్తి పోసుకుని తాగాలి, చెంబు పెదవికి తగలకూడదు. కూర ఉప్పు చూడ్డానికి వీల్లేదు, మా అమ్మ పొగ వాసన పట్టి ఉప్పు కనిపెట్టేది. జంతిక తినాలంటే చేత్తో విరిచి నోట్లో వేసుకోవాలి, కొరికితే ఆ పళ్ళెం మొత్తం నాదే. పక్కింటి పిల్లలు తాయిలాన్ని గుడ్డలో చుట్టి పంటితో కొరికి "ఇది కాకెంగిలి, తప్పు లేదు" అని పంచుకునేవాళ్ళు. నేనూ అలా ఒక బెల్లపుండ కొరికి ఆమెకి సగం ఇవ్వబోతే, "గుడ్డకి తెలియదేమోనే, దేవుడికి తెలీదా" అని చెయ్యి వెనక్కి నెట్టేసింది. ఆమెకి సొంతంగా ఒక ఇత్తడి చెంబు ఉండేది. మడి చెంబు. పొద్దున్నే స్నానం చేసి, దాన్ని చింతపండుతో బంగారంలా తోమి, దాంతో తెచ్చిన నీళ్ళే దేవుడికీ, ఆమెకీ. ఆ చెంబు మేము ముట్టుకోవడం కాదు గదా, దాని మీద మా నీడ పడినా మళ్ళీ తోమేది. నాకు అదొక కష్టంగా ఎప్పుడూ అనిపించలేదు. సూర్యుడు తూర్పున పొడుస్తాడు, నాయనమ్మ చెంబు ఎవరూ ముట్టుకోరు, అంతే.

నకరికల్లు దారిలో, సాగర్ కాలువకి కాస్త ఎడంగా, సరోజిని డాక్టరమ్మ గారి ఆశ్రమం ఉండేది. ఆవిడ గురజాల వైపు రైతు కుటుంబం మనిషి, ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో రిటైరై, తన వాటా పొలంలో దిక్కులేని పెద్ద జంతువుల కోసం షెడ్లు వేసింది. నాటుగా మాట్లాడేది, గట్టిగా నవ్వేది. దాణా మా కొట్లోనే తీసుకునేది. ఒకసారి నేను గల్లా దగ్గర కూర్చుని బస్తాల మీద పేర్లు రాస్తుంటే చూసి, "శెట్టిగారూ, పిల్ల అక్షరం ముత్యంలా ఉంది. సూదులు కూడా ఆపేశారంటున్నారు గదా. నా కాడికి పంపండి, ఆర్నెల్లు ఇంటర్న్‌గా పెట్టుకుని పని నేర్పిస్తా" అంది. నాన్న ఆలోచిస్తున్నాడు గానీ, తలుపు అవతల వింటున్న నాయనమ్మ అప్పటికే నిర్ణయానికి వచ్చేసింది. సాయంత్రానికి వీధంతా చెప్పింది: "మా పిల్లకి ఇంటర్లో సీటొచ్చింది, నకరికల్లు కాడ."

"ఏ గ్రూపు పిన్నీ?" అని ఎదురింటావిడ అడిగితే, "పశువుల గ్రూపే" అంది గర్వంగా.

ఇంటర్న్ వేరు, ఇంటర్ వేరు అని నాన్న చెప్పబోతే అమ్మ కళ్ళతో ఆపేసింది. బడి మొహం చూడని మనవరాలు ఒక్క దూకులో కాలేజీకెళ్ళిందని ఆ ముసలామె పొంగిపోతుంటే పాడుచేయడం ఎందుకు? ఇప్పుడు తలుచుకుంటే ఆమే కరెక్టనిపిస్తుంది. నేను చదివిన కాలేజీ అదొక్కటే.

ఆశ్రమంలో పది ఎకరాలకి చుట్టూ నాపరాళ్ళ ప్రహరీ, నాలుగు పొడుగాటి షెడ్లు, మధ్యలో వేపచెట్లు. పనికి రానని రైతు వదిలేసిన ఎద్దులు, వట్టిపోయిన గేదెలు, పెళ్ళిళ్ళలో మోసి మోసి కాళ్ళు పోయిన గుర్రాలు, ఇటుకబట్టీల గాడిదలు, ఎవరో తిప్పుకుని హైవే మీద వదిలేసిపోయిన ఒక ఒంటె. డాక్టరమ్మ గారు వాటికి దేవుళ్ళ పేర్లు పెట్టనిచ్చేది కాదు. "లక్ష్మి అని పెడితే రేపు అది తన్నినప్పుడు తిట్టడానికి నోరు రాదు" అనేది. ఏ ఊళ్ళో దొరికితే ఆ ఊరి పేరే. అందుకని పొద్దున్నే ఆశ్రమంలో వినపడే మాటలు బస్టాండులో మాటల్లా ఉండేవి. "మాచర్ల పొడుస్తుంది జాగర్త", "పిడుగురాళ్ళకి విరేచనాలు", "చిలకలూరిపేటని ఎండలోంచి లోపలికి తోలండి." చిలకలూరిపేట అంటే ఒంటె.

నాకు అప్పజెప్పిన మొదటి పని చూడ్డమే. పేడ ఎత్తడం, కాళ్ళకి మందు పుయ్యడం తర్వాత వచ్చాయి. పొద్దున్నే షెడ్డులో నిలబడి, పడుకున్న ఆవులు, గేదెల్లో ఏవి నెమరేస్తున్నాయి, ఏవి వెయ్యడం లేదు, అది చూసి చెప్పాలి. మెడలో ఒక ఉండ కింద నుంచి పైకి పాకుతుంది, నోట్లోకి రాగానే దవడ పక్కకి కదులుతుంది, కళ్ళు సగం మూతపడతాయి. "నెమరేసే గొడ్డుకి డాక్టరు అక్కర్లేదు" అనేది ఆవిడ. నాకది పొద్దుటి పూజ అయిపోయింది. జొన్నచొప్ప వాసన, ఫినాయిలు వాసన, వేపపూత వాసన కలిసిన ఆ చీకటి షెడ్డులో అన్ని నోళ్ళు నెమ్మదిగా కదులుతుంటే, గుళ్ళో అందరూ పెదవులు కదుపుతూ ఎవరి జపం వాళ్ళు చేసుకుంటున్నట్టు ఉండేది. మొదట్లో భయపడ్డ గుండె అక్కడే కుదుటపడిందనుకుంటాను.

వాటిలో నాకు బాగా చేరువైంది వినుకొండ. చిన్న ఆవు, ఎర్రది, డొక్కలు లోపలికి పోయి ఉండేవి. వినుకొండ బస్టాండులో అరటితొక్కలు, ఇస్తరాకులు, కవర్లు తిని బతికింది. ఏది పెట్టినా, ఎంత పెట్టినా చివరిదాకా నాకేది. మిగతా ఆవులు కడుపు నిండగానే తల తిప్పుకునేవి, దీనికి ఆ సంగతి తెలీదు. "ఆకలి చూసిన గొడ్డు, దానికి చాలు అనే మాట మనమే చెప్పాలి" అని డాక్టరమ్మ గారు దాని మేత కొలిచి పెట్టించేది. ఇక గురజాల. ముసలి గేదె, ఒక కన్ను లేదు, కోపం మాత్రం రెండు కళ్ళంత. దాని దగ్గరికి వెళ్ళాలంటే గేదెల షెడ్డు చూసుకునే ఏసోబు తోడుండాల్సిందే. "మా డాక్టరమ్మ గారి ఊరిది గదా పాపగారూ, పొగరు ఆ మాత్రం ఉండదా" అని ఆవిడ ఎదురుగానే అనేవాడు. ఆవిడ నవ్వేది.

నేను చేరిన కొన్నాళ్ళకి నాయనమ్మ నన్ను చూడ్డానికొచ్చింది. దాణా బస్తాల ట్రాలీ ఆటోలో, బస్తాల మధ్య కుర్చీ వేయించుకుని, ఒళ్ళో మడి చెంబు, కాళ్ళ దగ్గర పెద్ద గుండిగ. నన్ను చూసుకుని, నా చేతులు తడిమి, "కాయలు కాశాయే" అని కళ్ళు తుడుచుకుంది. రెండ్రోజులుంటానంది. నాన్న బస్తాలు దింపించి వెళ్ళిపోయాడు. నేను గుర్రం గిట్ట కడగడానికి డాక్టరమ్మ గారితో వెనక షెడ్డుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నాయనమ్మ గేటు దగ్గరి కంచె పక్కన ఖాళీ గుండిగతో నిలబడి ఉంది. మొహం దీపంలా వెలుగుతోంది. కంచె అవతల వినుకొండ మూతి చుట్టూ బెల్లం పాకం.

"మొక్కు తీరిందే అమ్మడూ! నీ సూదులు ఆగితే ఒక గోవుకి మూతి తిప్పుకునేదాకా పొంగలి పెడతానని కోటయ్య స్వామికి మొక్కుకున్నా. మహాతల్లి, అసలు తిప్పుకుంటేనా! గుండిగ అయిపోయింది గానీ దాని భక్తి అయిపోలా."

డాక్టరమ్మ గారు గుండిగ వైపు చూసింది, ఆవు వైపు చూసింది. "పిన్నిగారూ, గేటు మీద బోర్డు చూళ్ళేదా? బయటి తిండి పెట్టరాదని రాయించా గదా."

"చూశానమ్మా, చదువొచ్చినదాన్నే. బయటి తిండి పెట్టలేదు గదా! ఇది ఇంట్లో మడి కట్టుకుని వండింది. హోటలుది కాదు."

నేను నవ్వాపుకోలేకపోయాను. మా ఇళ్ళలో బయటి తిండి అంటే హోటలు తిండే మరి. బోర్డు రాయించిన ఆవిడకీ ఆ సంగతి తోచలేదు. అయితే డాక్టరమ్మ గారు నవ్వలేదు. వెంటనే సోడా ఉప్పు కలిపిన నీళ్ళు పట్టించి, ఆ పూట మేత ఆపించి, "రేపు పొద్దున చూద్దాం" అంది.

పొద్దున నా పని నాకు తెలుసు గదా, వెళ్ళి నిలబడ్డాను. అన్ని నోళ్ళూ కదులుతున్నాయి, వినుకొండది కదలడం లేదు. మెడ పక్కకి వాల్చి పడుకుంది. కళ్ళు లోపలికి పోయాయి, ముక్కు ఎండిపోయింది. ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టి నొక్కితే లోపల నీళ్ళ కుండ కదిలినట్టు చప్పుడు. డాక్టరమ్మ గారు గొట్టం వేసి పులిసిన నీళ్ళు తీసేసింది. ఆ వాసన పాడైన దోసెల పిండి వాసన. సెలైను ఎక్కించింది, మందులు పోసింది. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. ఆవు లేవలేదు.

నాయనమ్మకి ఎవరూ ఏమీ చెప్పలేదు, చెప్పాల్సిన పని లేకపోయింది. వచ్చి దాని తల దగ్గర నాపరాయి మీద కూర్చుంది. పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నేను తినమంటే నా వైపు చూసి, "గోవు పోతే ఏమవుద్దో తెలుసా నీకు?" అంది. తెలుసు. ఆమె చెప్పిన కథలే, ఆమె చదివించిన పుస్తకాలే. గోహత్య పాపానికి నిష్కృతి లేదని ఆ పాఠం చిన్నప్పుడు నాచేత వల్లె వేయించింది ఆమే. "నీ ప్రాణానికి మొక్కి ఇంకో ప్రాణం తీశానే. ఇక దేవుడి గదిలోకి ఏ మొహంతో పోతా?" అంది. ఆమె ఏడవలేదు. ఏడ్చుంటే నాకు నయంగా ఉండేది. ఆవు పోతే ఆమె ఇంటికి తిరిగొచ్చినా మా నాయనమ్మ తిరిగి రాదని, మడి చెంబు తోమే ఆ మనిషి ఇక్కడే ఈ షెడ్డులోనే ఉండిపోతుందని నాకు అర్థమైంది. వినుకొండ బతకాలి. ఇద్దరి కోసం బతకాలి. పక్కన కూర్చుని నాకొచ్చిన స్తోత్రాలన్నీ చదివాను. ఒత్తులు తప్పాయో లేదో ఆ రోజు ఆమె వినలేదు.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ గారు మళ్ళీ డొక్క నొక్కి చూసి, చెవి ఆనించి విని, మా ఎదురుగా చతికిలబడింది. "పులుపు తగ్గింది గానీ కడుపు కదలడం లేదు. పిన్నిగారూ, మీకు అర్థమయ్యేట్టు చెప్తా. ఆవు కడుపు పెరుగు కుండ లాంటిది. లోపల కంటికి కనపడని పురుగులుంటాయి, గడ్డిని అరిగించేది అవే. మీ పొంగలి దెబ్బకి పులిసిపోయి అవి చచ్చిపోయినయ్. కుండలో తోడు చచ్చిపోయింది."

"తోడు చచ్చిపోతే?" అంది నాయనమ్మ. రెండ్రోజుల్లో డాక్టరమ్మ గారిని ఆమె అడిగిన మొదటి ప్రశ్న.

"పక్కింటి నుంచి తెచ్చుకోమా? అట్టాగే. ఇంకో పశువు నోట్లోంచి నెమరు తీసి, గోరువెచ్చటి నీళ్ళల్లో కలిపి దీని కడుపులోకి పొయ్యాలి." నా వైపు తిరిగింది. "గురజాలది మంచి కడుపు. ఏసోబు తల పట్టుకుంటాడు. వాడి చెయ్యి లావు, దాని నోట్లో పట్టదు. నీ చెయ్యి సన్నం."

నేను కదల్లేదు. ఎద్దు పుండ్లు కడిగాను, పురుగులు తీశాను, అసహ్యపడలేదు. కానీ ఒక నోట్లో నమిలింది తీసి ఇంకో నోట్లో పెట్టడం, అదీ నాయనమ్మ కళ్ళ ముందు, అదీ గేదె ఎంగిలి గోవుకి! కొరికిన జంతిక పళ్ళెంలో పెట్టడానికే వీల్లేని ఇంట్లో పెరిగాను. ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడడం లేదు. డాక్టరమ్మ గారికి మా సంగతి తెలుసు. "ఏందమ్మాయ్, గురజాల ఎంగిలి వినుకొండకి పనికి రాదా?" అంది, వేళాకోళంగా కాదు, మెత్తగానే.

అప్పుడు నాయనమ్మ లేచింది. మోకాళ్ళు పట్టేసి గోడ పట్టుకుని లేచింది. మూట దగ్గరికి వెళ్ళి మడి చెంబు తెచ్చి నా ముందు పెట్టింది.

"దీంట్లో పట్టవే."

"నాయనమ్మా, నీ చెంబు..."

"ఎదురింటి సుబ్బమ్మ కాడ ఎన్నిసార్లు తోడు తేలేదు? వాళ్ళ గిన్నెలో వాళ్ళు తిన్న పెరుగే గదా. మడి కట్టుకుని అడిగామా? తోడుకు ఎంగిలి లేదే. పో, ఆలస్యం చెయ్యమాక."

ఇది శాస్త్రమా అంటే నాకు తెలియదు. ఆమెకి అప్పటికప్పుడు తట్టిన శాస్త్రం. అయితే అంతకన్నా పెద్ద శాస్త్రం ఇన్నేళ్ళలో నేను ఎక్కడా వినలేదు.

గురజాల పడుకుని నెమరేస్తోంది. ఏసోబు దాని మెడ చుట్టూ చెయ్యేసి, "మా బంగారం గదా, నీ సొత్తేం పోదులే, చారెడు అడుగుతున్నాం అంతే" అని బుజ్జగిస్తున్నాడు. నేను మెడ చూస్తూ నిలబడ్డాను. ఉండ పైకి పాకింది. "ఇప్పుడే!" అంది డాక్టరమ్మ గారు. ఏసోబు దవడ తెరిచాడు, నేను చెయ్యి పెట్టాను. వేడిగా, నురగగా, పచ్చిగడ్డి వాసనతో ఒక ముద్ద చేతిలోకొచ్చింది. గురజాల ఒంటికన్నుతో నన్ను చూసిన చూపు, సొత్తు పోగొట్టుకున్న కోమటి కూడా అట్లా చూడడు. నిజం చెప్పాలంటే ఒకసారికి చాలలేదు. అది నోరు బిగించుకుని కూర్చుంటే మళ్ళీ నెమరు మొదలయ్యేదాకా ఆగి, మళ్ళీ తీసి, మళ్ళీ ఆగి, చెంబు నింపాం. నాయనమ్మ పొయ్యి మీద నీళ్ళు కాచి, మోచేతి మీద ఒక చుక్క వేసుకుని వేడి చూసి, తనే కలిపింది. చేత్తోనే కలిపింది. గొట్టంలోంచి ఆ నీళ్ళు వినుకొండ కడుపులోకి దిగుతుంటే ఆమె పెదవులు కదులుతున్నాయి.

ఆ పూట ఏమీ కాలేదు. ఆ సాయంత్రం డొక్కలో చిన్న ఉరుము లాంటి చప్పుడు వచ్చిందని డాక్టరమ్మ గారు అంది, మాకు వినపడలేదు. మర్నాడు ఇంకోసారి తోడు పోశాం. మధ్యాహ్నం నేను చొప్ప కోసే మిషను దగ్గర ఉండగా షెడ్డులోంచి నాయనమ్మ అరుపు.

"ఏమే! ఇట్టా రావే! దీని నోట్లో ఏదో ఉందే, నములుతోంది! నేనేం పెట్టలేదమ్మా! కోటయ్య సామి మీద ఒట్టు, నేనేం పెట్టలా!"

నేను, ఏసోబు, డాక్టరమ్మ గారు మూడు వైపుల నుంచి పరిగెత్తాం. వినుకొండ మెడ పైకెత్తి కూర్చుంది. కళ్ళు సగం మూసింది. దవడ పక్కకి కదులుతోంది, ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది. దాని ముందు నాయనమ్మ, రెండు చేతులూ ఖాళీగా పైకెత్తి, పోలీసులకి దొరికిన మనిషిలా నిలబడి ఉంది.

"మీరేం పెట్టలేదు పిన్నిగారూ," అంది డాక్టరమ్మ గారు. ఆవిడ గొంతు అంత మెత్తగా ఉండగా నేను ఎప్పుడూ వినలేదు. "అది దానిదే. నెమరేస్తోంది."

నాయనమ్మ అక్కడే నాపరాయి మీద కూర్చుండిపోయింది. అప్పుడు ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, గేదెల షెడ్డు వైపు తిరిగి గురజాలకి దణ్ణం పెట్టింది. జీవితంలో ఆమె గేదెకి దణ్ణం పెట్టడం అదే మొదలు. తర్వాత ఏసోబుని, "అబ్బాయ్, ఆకలేస్తోంది, ఏమన్నా ఉందా?" అని అడిగింది. అతను కంగారుపడి అరటిపండు తెస్తే, "మడి ఇంకెప్పుడన్నా చూసుకుందాంలే" అంటూ తింది.

వెళ్ళేటప్పుడు చెంబు తీసుకెళ్ళలేదు. "అది ఇక్కడ పనికొస్తుంది, ఉండనీ" అంది. అది చానా ఏళ్ళు ఆ షెడ్డులో మేకుకి వేలాడేది, తోడు చెంబు అనేవాళ్ళు. గేటు మీద బోర్డు కింద డాక్టరమ్మ గారు నా చేతే ఇంకో ముక్క రాయించింది: "ఇంటి తిండి కూడా పెట్టరాదు." వచ్చినవాళ్ళు అది చదివి నవ్వుకునేవాళ్ళు. నవ్వినవాళ్ళు మళ్ళీ పెట్టేవాళ్ళు కాదు.

నేను డాక్టరునేం కాలేదు. ఆర్నెల్లయ్యాక ఇంటికొచ్చాను, తర్వాత వినుకొండ సంబంధమే కుదిరింది. "ఆ ఆవు రుణమే ఇది" అని నాయనమ్మ పెళ్ళిలో అందరికీ చెప్పింది, మా అత్తగారి మొహం చూడాలి అప్పుడు. డాక్టరమ్మ గారు కాలం చేసింది, ఆశ్రమం ఇంకెవరో నడుపుతున్నారు, అదే సంతోషం. అప్పుడు గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లా. అప్పుడు రైతులు ఎడ్లకి చెక్క కొనుక్కుపోయేవాళ్ళు, ఇప్పుడు మా తమ్ముడి కొట్లో కోళ్ళ దాణా, కుక్కల బిస్కెట్లు ఎక్కువ అమ్ముతాయి. అప్పుడు మొక్కుని దేవుడు చూస్తే చాలనుకునేవాళ్ళు, ఇప్పుడు ఫోన్లో అందరూ చూడాలి. తప్పు పట్టడం లేదు. మొన్న పళ్ళేలు పట్టుకొచ్చిన ఆడవాళ్ళందరిలో మా నాయనమ్మే ఉంది, అదే వెలిగే మొహంతో. అందుకే కోప్పడలేక చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోవడం నేర్పినవాళ్ళకి నా నమస్కారాలు.

నాయనమ్మ చివరి రోజుల్లో నేను నరసరావుపేట వెళ్ళి ఆమె దగ్గరే ఉన్నాను. జబ్బేమీ లేదు, తిండి లోపలికి పోయేది కాదంతే. అమ్మ జావ కాస్తే మూతి తిప్పుకునేది. తమ్ముడు ఇడ్లీ తెస్తే మూతి తిప్పుకునేది. నేను పెరుగన్నం మెత్తగా పిసికి పట్టుకెళ్ళాను. గోడ వైపు తిరిగింది. కాసేపటికి మళ్ళీ ఇటు తిరిగి, చిన్నగా నవ్వి, "నా కుండలో తోడు చచ్చిపోయిందే అమ్మడూ. కాస్త తోడు వెయ్యి" అంది.

అర్థమై, నేను ఒక ముద్ద తీసి, ఆమెకి సగం నాకు సగం అని చేత్తో విడదీయబోయాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అట్టా కాదు, కాకెంగిలీ వద్దు. నువ్వు తిని పెట్టు."

సగం ముద్ద కొరికి తిన్నాను. మిగతా సగం ఆమె పెదవుల దగ్గర పెట్టాను. మూతి తిప్పుకోలేదు.